అక్క అరికాళ్లు

సిరిసిల్ల నుంచి కొండగట్టుకు వేములవాడ మీదుగా సీదా రోడ్డు ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక కునుకు తీస్తే ఆంజనేయుడి కొండ వచ్చేస్తుంది. మేం మాత్రం సిరిసిల్లలో బయల్దేరి వేములవాడ దాకా వచ్చి, అక్కడ కొండగట్టు దారిని వదిలేసి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్లకు నడిచాం. కోరుట్ల నుంచి జగిత్యాలకు, జగిత్యాల నుంచి కొండకు. మ్యాపు మీద వేలు పెట్టి చూస్తే తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు చూపించినట్టే ఉంటుంది.

ఈ చుట్టు తిరుగుడుకు కారణం మా అక్క నోటి మాట. అంతకు ముందు ఏడు మా బావకు గుండె ఆపరేషన్ అయింది. కరీంనగర్‌లో ఆసుపత్రి వరండాలో, ఆపరేషన్ గది తలుపు మూసుకున్న క్షణాన, అక్క గోడకు ఆనుకుని చేతులు జోడించింది. "అంజన్నా, ఈయనను మంచిగ బయటికి తెస్తే మా గడప నుంచి మా అవ్వగారింటి గడప మీదికెల్లి నీ కొండకు నడిసస్త. కాళ్లకు చెప్పులు సుత ఏసుకోను" అంది. నేను పక్కనే ఉన్నాను. మా అవ్వగారిల్లు, అంటే మా పుట్టిల్లు, కోరుట్లలో ఉంది. ఒక కొబ్బరికాయ మొక్కినా సరిపోయేది. కానీ మొక్కేటప్పుడు మనిషికి భూగోళం గుర్తుండదు, తన దగ్గర ఉన్నవన్నీ కలిపి ఇచ్చేస్తుంది. అక్క దగ్గర ఉన్నవి రెండు గడపలే.

బావ మంచిగానే బయటికి వచ్చాడు. మొక్కు మాత్రం మిగిలిపోయింది. వానాకాలం నాట్లని, చలికాలం బంధువుల పెళ్లిళ్లని వాయిదా పడుతూ వచ్చింది. బావ కొంచెం దగ్గినా అక్క గోడ మీది క్యాలెండర్ వైపు చూసేది. మొక్కు తీరేదాకా బావ ప్రాణం కొండ మీద తాకట్టులో ఉన్నట్టే ఆమె లెక్క. నాకు నవ్వొచ్చేది గానీ ఆమె భయం నిజమైనదని తెలుసు.

"సీద తొవ్వ ఉండంగ గా సుట్టు తిరుగుడేందే? అంజన్నకు తొవ్వ తెల్వదా?" అన్నాడు బావ.

"నోటితోటి అన్న మాట. ఇగ ఎన్కకు తీస్కరాదు" అంది అక్క.

బావ వాళ్లది సిరిసిల్ల పక్క ఊళ్లో ఒకప్పుడు అందరూ దొర అని పిలిచిన ఇల్లు. ఇప్పుడు బావకు సిరిసిల్లలో ఎరువుల దుకాణం ఉంది, దాని మీదే ఇల్లు. దొరతనం పోయింది గానీ పిలుపు పోలేదు. ఆ ఊరి ఆడవాళ్లు అక్కను ఇప్పటికీ దొర్సాని అనే పిలుస్తారు. ప్రతి వేసవిలో హనుమాన్ పెద్ద జయంతికి వాళ్లు గుంపుగా కొండకు నడిచిపోతారు. అక్క ఆ గుంపులో కలిసింది. గుంపును నడిపించే పెద్దావిడ తల్లిదండ్రులు బావ వాళ్ల పొలాల్లోనే పని చేసినవాళ్లు. కాషాయం జెండా ఆమె చేతిలో ఉంటుంది కనక అందరూ ఆమెను లీడరమ్మ అంటారు. కోరుట్ల చుట్టు తిరగాలంటే మిగతావాళ్లు గొణిగారు. "దొర్సాని మొక్కు మనందరి మొక్కే. నడువున్రి" అని లీడరమ్మ వాళ్ల నోళ్లు మూయించింది.

నేను జగిత్యాలలో ఉంటాను, బడిలో లెక్కలు చెప్తాను. వేసవి సెలవులు కనక తప్పించుకునే సాకు దొరకలేదు. నేను నమ్మేదాన్ని కాను, నమ్మేవాళ్లతో వాదించేదాన్నీ కాను. తోడు రమ్మని అక్క అడిగింది, వెళ్లాను. నాకు మొక్కు లేదు కదా అని మొదటి పూట బూట్లు వేసుకున్నాను. అంతమంది ఉత్త కాళ్ల మధ్య నా బూట్ల చప్పుడు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది. రెండో పూటకు విప్పి, వెనకాల బియ్యం, గిన్నెలు, దుప్పట్లు మోసుకుంటూ వచ్చే ట్రాలీ ఆటోలో పడేశాను.

బయల్దేరే ముందు అక్క ఇంటి గడప దగ్గర లీడరమ్మ అందరినీ నిలబెట్టి ఒక కట్టుబాటు పెట్టింది.

"ఎండ మాట, కాళ్ల మాట ఎవ్వలు తియ్యద్దు. ఒక్కలు తీస్తే అందరికి అంటుకుంటది. రామనామం తప్ప ఇంకో మాట లేదు."

అది నాకు అప్పుడు చాలా నచ్చింది. తరగతి గదిలో ఒక పిల్ల ఆవులిస్తే వరస మొత్తం ఆవులిస్తుందని నాకు తెలుసు. నొప్పి కూడా అంతే కావచ్చు అనుకున్నాను.

గుంపుగా నడవడంలో మొదట అర్థమయ్యేది మన నడక మనది కాదని. ఇంట్లో వంటింటికీ వాకిలికీ మధ్య ఎవరి అడుగు వాళ్లది. రోడ్డు మీద పక్కామె అడుగు మన కాళ్లలోకి వచ్చేస్తుంది. పొద్దున ఎక్కువ మాట్లాడేవాళ్లు పది దాటితే నోరు మెదపరు. పొద్దున ముంగిలా ఉన్నవాళ్లు సాయంత్రానికి పాటలు ఎత్తుకుంటారు. నీళ్ల సీసా తన చేతిలో ఉన్నామెకు దాహం వేయదు, లేనామెకు నిమిషానికోసారి వేస్తుంది. ముందు నడిచేవాళ్లకు వెనకాల ఎవరున్నారో తెలియదు. వెనక నడిచేవాళ్లకు ముందున్నవాళ్లందరూ తమను వదిలేసి పోతున్నట్టే ఉంటుంది. ఇవన్నీ నేను మొదటి రోజే గమనించి, గమనించానని సంతోషపడ్డాను.

తెల్లారకముందే లేచి, ఎండ ముదిరేదాకా నడిచి, ఏ బడి వరండాలోనో గుడి మండపంలోనో పడుకుని, పొద్దు వాలాక మళ్లీ లేచేవాళ్లం. సాయంత్రం గాలి చల్లబడుతుంది గానీ రోడ్డు చల్లబడదు. పగలంతా తాగిన ఎండను తారు అప్పుడు వదులుతుంది. రోడ్డు అంచున మట్టి మీద నడుద్దామంటే యాసంగి కోతలు అయిపోయి ఎక్కడ చూసినా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మట్టి అంచూ, దాని పక్కన సగం రోడ్డూ వడ్లే. ధాన్యం తొక్కకూడదు. ఎవరూ చెప్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచి కాళ్లకు తెలిసిన సంగతే అది. అందుకని మేమంతా వడ్లకు దారిచ్చి నట్టనడుమ తారు మీద నడిచాం.

గుంపులో ఒక కొత్త కోడలు ఉంది. పెళ్లయి ఏడాది కాలేదు, అత్త బదులు వచ్చింది. లీడరమ్మ పెట్టిన కట్టుబాటు ఆ పిల్ల దగ్గర మొదటి గంటలోనే తెగిపోయింది. "అవ్వా, అరికాళ్లు మాడుతున్నయ్", "జర ఆగున్రి, పొక్కు లేసింది", "సచ్చిన, నాతోని కాదు" అని దారిపొడవునా రాగాలే. లీడరమ్మ కసిరేది. కసిరి, కూర్చోబెట్టి, ఆ పిల్ల మడమలకు కొబ్బరినూనె రాసేది. ఒకామె తన పాత చీర అంచు చింపి కట్టు కట్టింది. ఇంకొకామె తన పొట్లంలోని దూది ఇచ్చింది. ఆ పిల్ల పాదాల భోగట్టా గుంపు మొత్తానికి తెలుసు. ఎడమ మడమ ఎట్లుంది, చిటికెన వేలు సంగతేంది అని పొద్దున లేవగానే అడిగేవాళ్లు. నాకు మాత్రం ఆ పిల్లను చూస్తే చిరాకేసేది. బడిలో అలాంటి పిల్లలను చాలామందిని చూశాను.

మా అక్క దీనికి పూర్తిగా విరుద్ధం. మజిలీ చేరేలోపే ఎండ ముదిరిపోయి మేమంతా పెనం మీద పడ్డట్టు గంతులేస్తూ చెట్టు నీడ నుంచి చెట్టు నీడకు ఉరుకుతుంటే ఆమె మామూలుగా నడిచేది. బజారుకు పోయి కూరగాయలు తెచ్చే నడక. ఆగేది కాదు, కూర్చుందామనేది కాదు. చిన్నప్పటి నుంచీ ఆమె అంతే. పెద్ద కూతురు, ఆపైన పెద్దింటి కోడలు. పదిమందిలో 'నాకు' అనే మాటతో వాక్యం మొదలుపెట్టడం ఆమెకు చేతకాదు.

రుద్రంగి దాటేసరికి ఆడవాళ్లు ఆమెను చూసి గుసగుసలు మొదలుపెట్టారు. కథలాపూర్ వచ్చేసరికి గుసగుసలు పోయి పైకే అన్నారు.

"అంజన్న దొర్సాని కాళ్ల కింద చెయ్యి పెట్టిండు. లేకుంటే గిట్లెట్ల నడుస్తది?"

ఆ మాట అక్క విన్నది. నడుం ఇంకొంచెం నిటారుగా పెట్టింది. నాకూ కొంచెం గర్వంగానే ఉంది, మా అక్క కదా. కోడలుపిల్ల రాగం తీసినప్పుడల్లా "దొర్సానిని సూసి నేర్చుకో" అని అందరూ అనడం మొదలుపెట్టారు. అక్కను చూసి సిగ్గుపడి మిగతావాళ్లు కూడా కాళ్ల మాట మానేశారు. నేను కూడా మానేశాను. నా కుడి బొటనవేలు కింద మంట పుడుతోంది, చెప్తే అక్క ముందు చులకనవుతానని ఊరుకున్నాను.

కోరుట్లలో మా తమ్ముడు వీధి మొదట్లోనే ఎదురొచ్చాడు. మొక్కుతో నడిచొచ్చే ఆడబిడ్డను ఉత్తగా గడప ఎక్కనివ్వరు. మరదలు, చుట్టుపక్కల ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పట్టుకుని నిలబడ్డారు. అందరి కాళ్ల మీదా నీళ్లు కుమ్మరించారు. అక్కను పీట మీద కూర్చోబెట్టి చీలమండల దాకా పసుపు ముద్దగా మెత్తారు, కుంకుమ బొట్లు పెట్టారు. కాళ్ల కింద అంజన్న చెయ్యి పెట్టిన సంగతి మాకంటే ముందే ట్రాలీ డ్రైవర్ ద్వారా ఆ వీధికి చేరింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు వంగి ఆమె కాళ్లకు రెండు చేతులూ తాకించి కళ్లకద్దుకున్నారు. మా చిన్నప్పుడు అక్కతో కచ్చకాయలు ఆడి తగవులు పెట్టుకున్న ఆమె కూడా వంగింది. అక్క వద్దు వద్దంటూనే మొక్కించుకుంది. అంతమంది కాళ్లు మొక్కారు, ఒక్కరూ కాళ్లు చూడలేదు. మొక్కేటప్పుడు ఎవరైనా కళ్లు మూసుకుంటారు.

కోరుట్ల నుంచి జగిత్యాల దారిలో రెండు మార్పులు నేను చూశాను, చూసి పక్కన పెట్టేశాను. అక్క కుడికాలు కొంచెం ఈడ్చినట్టు వేస్తోంది. మేడిపల్లి దగ్గర మజ్జిగ తాగడానికి ఆగినప్పుడు ఆమె పాదాల చుట్టూ ఈగలు ముసిరాయి. కోరుట్లలో పెట్టిన బెల్లం నైవేద్యం ఒలికి ఉంటుందిలే అని ఒకామె తువ్వాలతో విసిరింది.

"కాలేమన్న అయ్యిందా దొర్సానీ?" అని లీడరమ్మ అడిగింది.

"ఏం కాలే. నడువున్రి, పొద్దెక్కుతుంది" అంది అక్క.

జగిత్యాలలో మధ్యాహ్నం మజిలీ మా ఇంట్లోనే. వాకిట్లో నల్లా దగ్గర అందరూ కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చారు. మా హాల్లో తెల్ల టైల్స్. అక్క నడిచిన చోట తడి మరకలు పడ్డాయి. నీళ్లనుకుని గుడ్డతో తుడిచాను. ఆమె వంటింట్లోకి వెళ్లి తిరిగొచ్చింది. మళ్లీ మరకలు, కుడికాలివి మాత్రమే. ఈసారి తుడిచిన గుడ్డ నుంచి ఏదో వాసన వచ్చింది.

"అక్కా, జర కూసో. కాలు పైకి పెట్టు" అన్నాను.

"ఏమే, నువ్వు గూడ మొక్కుతవా?" అని నవ్వుతూ కూర్చుంది.

కాలు ఎత్తి తిప్పి చూశాను. వేళ్ల కింద అరికాలి మెత్తటి భాగం మీద చర్మం లేదు. అరచేయంత మేర ఊడిపోయింది. అంచులు తెల్లగా నాని ఉన్నాయి. మధ్యలో ఇసుక, ఒక వడ్లగింజ. ఎడమకాలికి అదే చోట ఇంకా పగలని పెద్ద పొక్కు.

"నొస్తలేదా అక్కా?"

"ఎక్కడ?" అంది.

నేను వేలితో నొక్కాను. కొంచెం గట్టిగానే నొక్కాను. ఆమె అప్పటికే ముఖం తిప్పి, అన్నంలోకి పప్పు సరిపోతుందా అని లీడరమ్మను అడుగుతోంది. గదిలో ఉన్నవాళ్లంతా నా చేతి వైపు చూస్తున్నారు. నేను చాలా భయపడ్డాను.

అక్కకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మాత్రలు వేసుకుంటుంది, చాయ్‌లో చక్కెర మానేసింది, అంతటితో అది ఒక అలవాటుగా మారిపోయి దాన్ని జబ్బుగా చూడటం అందరం మానేశాం. ఇంట్లో నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియక అలాగే నాలుగడుగులు పోయేది. మతిమరుపని ఆటపట్టించేవాళ్లం.

మొదట మాట్లాడింది కోడలుపిల్ల. గోడకానుకుని తన కట్టు విప్పుకుంటున్నదల్లా లేచొచ్చి చూసింది.

"గిది అంజన్న చెయ్యి గాదు దొర్సానీ, షుగర్. మా పెద్దబాపుకు గిట్లనే కాళ్లల్ల సోయి లేకుండె. మోకాలి దాక తీసేసిండ్రు."

లీడరమ్మ ఆ పిల్లను కసరలేదు. కింద కూర్చుండిపోయింది.

అక్కకు నడుం వంగి అరికాలు చూసుకోవడం కష్టం. గోడకున్న చేతి అద్దం తెచ్చి కింద పట్టాను. చాలాసేపు చూసింది. పక్కింటివాళ్ల కాలు చూసినట్టు చూసింది. ఆమె ముఖంలో నాకు కనిపించింది భయం కాదు, చిన్నబోవడం. రుద్రంగి దాటినప్పటి నుంచి తనకు అందిన గౌరవం ఒక్కసారిగా ఎవరో వెనక్కి లాక్కున్నట్టయింది పాపం.

"కొండ ఇంకెంత దూరముందే?" అని అడిగింది చివరికి.

"సాయంత్రం కొంత, రేపు పొద్దున కొంత."

"గంతే గదా. బట్ట కట్టున్రి, నడుస్త."

నేను బావకు ఫోన్ చేశాను. అన్నాలు తినేసరికి కారు మా గేటు ముందు ఆగింది. బావ లోపలికి వచ్చి కాలు చూశాడు. తనకలవాటైన హుకుం గొంతుతో "లే, దవాఖానకు పోదాం" అన్నాడు.

"కొండకు పోయినంక అస్త."

"గా మొక్కు ఎవలి కోసం? నా కోసమే గదా? నేనే అద్దంటున్న."

"మీకు మొక్కలే. దేవునికి మొక్కిన."

బావ మాటకు ఎదురు రావడం వాళ్లింట్లో నేనెప్పుడూ చూడలేదు. అక్క ఎదురు చెప్తున్నట్టు కూడా చెప్పలేదు, జరిగింది చెప్తున్నట్టు చెప్పింది. కాలు పోతుందేమోనని మా భయం. మొక్కు మధ్యలో ఆపితే మనిషి పోతాడేమోనని ఆమె భయం. ఆ మనిషి ఎదురుగా నిలబడి వద్దంటున్నాడు. ఎవరి భయం పెద్దదో తేల్చే లెక్క నాకు రాదు.

తేల్చింది లీడరమ్మ. ఆమె అప్పటిదాకా చెంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చుంది.

"దొర్సానీ, పెండ్లిల పుస్తె కట్టినంక సుట్టాలు ఇంటికి పోవచ్చు. నీ మొక్కుల రెండు గడపలు దాటినవ్. మిగిలిన నడక నీ రక్తం పంచుకున్నోళ్లు నడిస్తే సాలు. మా దిక్కు గట్లనే సేస్తం. మా అవ్వ కాలు ఇరిగిన ఏడు నేను నడిసిన."

అక్క నా వైపు చూసింది. నేను నమ్మనని ఆమెకు తెలుసు.

"నువ్వు నడుస్తవా?"

"నడుస్త."

"బూట్లేసుకోకు."

"ఏసుకోను."

ఆమె తన కొబ్బరికాయ మూట నా చేతిలో పెట్టింది. బావ, ట్రాలీ డ్రైవర్ ఇద్దరూ కలిసి ఆమెను కుర్చీతో సహా మోసి కారులో కూర్చోబెట్టారు. కారు కదిలేముందు అద్దం దించి, "తొవ్వల వడ్లు తొక్కకుండ్రి" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం నడక ముందు రోజుల నడకలా లేదు. లీడరమ్మ జెండా ఎత్తి రామనామం అనకముందే, "నా మడమ పగిలి మూడు దినాలాయె" అంది. అందరం ఆమె వైపు తిరిగాం. ఇంకొకామె తనకు తొడలు ఒరుసుకుపోయాయని చెప్పింది. నేను నా బొటనవేలు సంగతి చెప్పాను. ఊరి చివర ఒక మామిడితోట బయట, కాయలు నింపిన డబ్బాల పక్కన కూర్చుని ఒకరి అరికాళ్లు ఒకరం చూసుకున్నాం. ఎవరి అరికాళ్లు వాళ్లకు సరిగా కనబడవు, పక్కనామె చూడాల్సిందే. తోటవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. కోడలుపిల్ల కాళ్లే అందరికంటే బాగున్నాయి. రోజుకు పదిసార్లు ఎవరో ఒకరు చూసి, కడిగి, నూనె రాసిన కాళ్లు అవి. ఆ పిల్ల మీద నా చిరాకు అక్కడితో పోయింది. కొండ దాకా "అవ్వా", "అయ్యా" అనుకుంటూ, ఆగుతూ, ఒకరికొకరం కట్లు కట్టుకుంటూ వెళ్లాం. గుంపు మెల్లగా నడిచింది గానీ ఒక్కరూ వెనకబడలేదు.

కొండ మీద జనం. గంటల తరబడి నిలబడి లోపలికి వెళ్లాను. ఏం అడగాలో తెలియలేదు. "ఇది మా అక్కది" అని చెప్పి కొబ్బరికాయ ఇచ్చి వచ్చాను. ఆమె కాలు దక్కాలని మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను. ఎవరికి చెప్పానో ఇప్పటికీ తెలియదు.

కాలు దక్కింది. రెండు వేళ్లు దక్కలేదు. వానాకాలం అంతా కరీంనగర్‌కు తిరుగుతూ కట్లు కట్టించుకుంది. మొక్కు తీరిందా లేదా అన్న అనుమానం ఆమెకు చాలాకాలం పోలేదు. బావ దగ్గితే క్యాలెండర్ బదులు నాకు ఫోన్ చేసి, "నువ్వు చెప్పుల్లేకుంటనే నడిసినవ్ గదా?" అని అడిగేది. నేను ప్రతిసారీ అవునని చెప్పేదాన్ని.

ఆసుపత్రి నుంచి చివరిసారి పంపేటప్పుడు డాక్టర్ ఒక విషయం తేల్చి చెప్పాడు. అరికాళ్లలో పోయిన స్పర్శ తిరిగి రాదు. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తొక్కినా ఆమెకు తెలియదు. కనక ఇంట్లో ఎవరో ఒకరు రోజూ ఆమె అరికాళ్లు, వేళ్ల సందులు వెలుతురు పెట్టి చూడాలి. ఒక్క రోజు కూడా మానకూడదు. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. పనిచేసే ఆమెకు చెప్తానంది అక్క.

దసరా సెలవుల్లో సిరిసిల్ల వెళ్లాను. పొద్దు గూకే వేళకు బావ దుకాణం నుంచి పైకి వచ్చి చేతులు కడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, టార్చిలైటు తీసుకుని అక్క కుర్చీ ముందు కింద చాప మీద కూర్చున్నాడు. నేను ఆశ్చర్యపోయాను. ఆ ఇంట్లో వంగినవాళ్లందరూ ఆయన ముందు వంగినవాళ్లే. అక్క నన్ను చూసి చీర అంచు పాదాల మీదికి లాక్కుంది.

"చెల్లె ముంగట ఏందిది. నాకు పాపం తలుగుతది" అంది.

"కాలియ్యి."

"పనామె సూస్తది, మీరు లేవున్రి."

"నువ్వు కొండకు నడిసేటప్పుడు నన్నడిగినవా? కాలియ్యి" అన్నాడు బావ.

అక్క తల పక్కకు తిప్పుకుని కాలు ముందుకు చాపింది. ఆయన దాన్ని తన ఒళ్లో పెట్టుకున్నాడు. రెండు వేళ్లు లేని చోట కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. మడమ చూశాడు, సందులు చూశాడు. అరికాలి మధ్యలో చిన్న ఎర్రటి మచ్చ కనిపిస్తే అక్కడ వేలితో నొక్కి, "నొస్తుందా?" అని అడిగాడు.

"మీరే సూసి చెప్పున్రి" అంది అక్క.

బావ కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. టార్చి ఇంకా దగ్గరికి పెట్టి మళ్లీ మొదటి నుంచి చూశాడు.